పెళ్లికి ముందు పెదవులకు ఫిల్లర్, నుదుటికి బొటాక్స్: పార్లర్‌లో వేయించుకోవచ్చా? (నెల్లూరు)

మూలపేట అమ్మాయి (నెల్లూరు)

నమస్కారం అండీ. మా పిన్ని కూతురి పెళ్లి శ్రావణంలో. ముహూర్తానికి నెల కూడా లేదు. తను ఎప్పుడూ ఐబ్రోస్‌కి వెళ్లే పార్లర్ వాళ్లు బ్రైడల్ ప్యాకేజీలో కొత్తగా ఇంజెక్షన్లు కూడా కలిపారు. పెదవులకు ఒక ఎంఎల్ ఫిల్లర్ (నిండుగా కనబడటానికి లోపలికి ఎక్కించే జెల్), నుదుటి మీద గీతలకు బొటాక్స్, రెండూ కలిపి తొమ్మిది వేలు. ఆదివారం పొద్దున చెన్నై నుంచి ఒక మేడమ్ వచ్చి వేసి, సాయంత్రం రైలుకి వెళ్లిపోతారట. ఆమె పేరు అడిగితే "చెన్నై మేడమ్, చాలా ఫేమస్" అంటున్నారు తప్ప పేరు చెప్పడం లేదు. "ఫేషియల్ లాంటిదే, గంటలో అయిపోతుంది" అని అడ్వాన్స్ కూడా తీసుకున్నారు.

చెల్లి గట్టిగా ఉంది. పిన్నికి భయం, నాకూ భయమే. కానీ భయం అని చెబితే తను వినదు, కారణం చెప్పాలి. ఇవి వేయించుకున్నవాళ్లు, ఈ రంగంలో ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పనికిమాలిన పనులెందుకు అని మాత్రం దయచేసి రాయొద్దు, ఆ మాట మా ఇంట్లో ఇప్పటికే బోలెడుసార్లు అయింది.

కావలి కోడలు

నేను హైదరాబాద్‌లో పెదవులకు ఫిల్లర్ వేయించుకున్నాను. మొదటి రెండు రోజులు బాగా వాచింది, ఒక పక్క నల్లగా కమిలింది. వారానికి సర్దుకుంది. నాకు నచ్చింది, మళ్లీ వేయించుకుంటాను కూడా. అయితే వేసింది స్కిన్ డాక్టర్. ముందు కూర్చోబెట్టి ఏ మందులు వాడుతున్నానో, పెదవి మీద జ్వరపు పొక్కులు వస్తుంటాయా, ఈ మధ్య పళ్లకు ఏమైనా చేయించుకున్నానా, అన్నీ అడిగి రాసుకున్నారు. రాత్రి ఏమైనా అనిపిస్తే చేయమని తన సెల్ నంబర్ ఇచ్చారు. మీరు చెప్పినదాంట్లో ఇవేవీ కనిపించడం లేదు.

పొగతోట ఫార్మసిస్ట్

ముందు ధర సంగతి. పేరున్న కంపెనీ ఫిల్లర్ ఒక ఎంఎల్ సిరంజికి డాక్టర్లు మామూలుగా ఇరవై వేలకు అటూ ఇటూ తీసుకుంటారు. బొటాక్స్‌కి లెక్క యూనిట్లలో ఉంటుంది, నుదురు, కనుబొమల మధ్య కలిపితే అదీ వేలల్లోనే. రెండూ తొమ్మిది వేలకు ఇస్తున్నారంటే సరుకు నకిలీదైనా అయి ఉండాలి, లేదా ఒక సిరంజిని నలుగురికి పంచుతూ అయినా ఉండాలి. ఒకరికి వాడిన సిరంజి సూది మార్చి ఇంకొకరికి వాడటం అన్నిటికంటే ప్రమాదం. సూది మార్చినా సిరంజి లోపలికి రక్తం వెనక్కి వచ్చి ఉండొచ్చు.

అసలు సరుకు ఎలా ఉంటుందో చెబుతాను, చెల్లికి చూపించండి. ఫిల్లర్ సిరంజిలో ముందే నింపి, సీలు వేసిన ప్లాస్టిక్ ట్రేలో వస్తుంది. డబ్బా మీద కంపెనీ, బ్యాచ్ నంబర్, గడువు తేదీ, మన దేశంలోకి దిగుమతి చేసుకున్నవారి వివరాలు ఉంటాయి. చాలా కంపెనీల ట్రేలో ఊడదీసి అంటించే చిన్న స్టిక్కర్లు ఉంటాయి, బ్యాచ్ నంబర్‌తో. ఒకటి డాక్టర్ ఫైల్లో, ఇంకొకటి పేషెంట్ కార్డు మీద అంటించడానికే అవి.

బొటాక్స్ సీసా చూస్తే ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. అడుగున పలచటి తెల్లటి పొర, అంతే. దాన్ని సెలైన్‌తో కలిపి వాడతారు. లోపల వాక్యూమ్ ఉంటుంది కాబట్టి సూది గుచ్చగానే సెలైన్‌ని సీసా తనే లాక్కుంటుంది. కలపకముందు, కలిపాక కూడా 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ఉండాలి. కలిపింది 24 గంటల్లో వాడేయాలని కంపెనీ లేబుల్ చెబుతుంది. ఇంట్లోంచి ముందే సిరంజిల్లో నింపుకుని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకొచ్చిన మందు మన ఎండల్లో రైలు ప్రయాణం చేసి వస్తే అది ఏమిటో, ఎంతో ఎవరూ చెప్పలేరు. కాబట్టి మీ కళ్ల ముందు సీలు తీయాలి. తీయం అంటే లేచి వచ్చేయండి.

టంగుటూరు రమ్య

వ్యాట్సాప్‌లో "కొరియా బొటాక్స్" అని అమ్ముతున్నారు కదా, అదీ అదేనా?

పొగతోట ఫార్మసిస్ట్

కొరియా కంపెనీలవి అసలువీ ఉన్నాయి, అనుమతితో అమ్ముడయ్యేవీ ఉన్నాయి. సమస్య దేశం కాదు, దారి. డాక్టర్ చీటీ మీద, లైసెన్స్ ఉన్న డిస్ట్రిబ్యూటర్ నుంచి బిల్లుతో రావాల్సిన మందు వాట్సాప్‌లో వచ్చిందంటే దాని వెనుక ఎవరూ నిలబడరు. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో ఇలాగే జరిగింది. నకిలీవి, దారితప్పి వచ్చినవి అర్హత లేనివాళ్లు ఇళ్లల్లో, స్పాల్లో వేస్తే 11 రాష్ట్రాల్లో 22 మందికి తేడా చేసిందని అక్కడి వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించింది. అందులో 11 మంది ఆసుపత్రిలో చేరారు.

ఇంకో మాట, ఒక బ్రాండు యూనిట్లు ఇంకో బ్రాండు యూనిట్లతో సమానం కావు. ఇరవై అంటే అన్నిట్లో ఇరవై కాదు. ఏ బ్రాండో తెలియకుండా వేసినవాళ్లకు ఎంత వేస్తున్నారో కూడా తెలియదు.

సింగరాయకొండ సుబ్బు

మా చెల్లి విషయం రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. తనే రాయమంది.

పోయిన ఏడాది ఒంగోలులో ఒక హోటల్ గదిలో క్యాంపు పెట్టారు. ముక్కు పక్కనుంచి నోటి దాకా దిగే గీతకు ఫిల్లర్. వేస్తుండగానే చెల్లి "చాలా నొప్పిగా ఉంది" అంది. అది మామూలేనని మొత్తం వేసేశారు. ముక్కు పక్కన రూపాయి బిళ్లంత చోట సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఐస్ పెట్టమని పంపించేశారు. ఇంటికొచ్చేసరికి ఆ తెలుపు చుట్టూ ఊదా రంగులో వల అల్లినట్టు గీతలు. ఫోన్ చేస్తే "కమిలింది, తగ్గిపోతుంది" అన్నారు. రాత్రికి ఫోన్ ఎత్తలేదు. పొద్దున్నే అక్కడికి పోతే గది ఖాళీ.

మా ఊరి డాక్టర్ గారు చూసి, ఇది కమిలింది కాదమ్మా, రక్తం ఆగింది, వెంటనే పెద్ద ఊరికి పోండి అన్నారు. చెన్నై తీసుకెళ్లాం. అప్పటికే చీముపొక్కులు లేచాయి. అక్కడ ఫిల్లర్‌ని కరిగించే ఇంజెక్షన్ ఆ ముక్కు పక్కనంతా గంట గంటకీ వేశారు. చర్మం చాలావరకు దక్కింది, ముక్కు రెక్క పక్కన మాత్రం గుంట మిగిలింది. మా అమ్మ ఇప్పటికీ కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఏడుస్తుంది.

అక్కడి డాక్టర్ చెప్పింది ఒక్కటే. మొదటి రోజు మధ్యాహ్నమే ఎవరైనా ఆ మందు వేసి ఉంటే ఈ గుంట ఉండేది కాదేమో అని. నెల్లూరు అక్కా, సూది వేసిన మనిషి రాత్రికి ఊళ్లో ఉంటుందా లేదా అని ముందు అడగండి.

కావలి కోడలు

సుబ్బు గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. చెల్లి ఇప్పుడెలా ఉంది?

సింగరాయకొండ సుబ్బు

బాగుందండీ. ఉద్యోగానికి వెళ్తోంది. మచ్చకు లేజర్ చేయిస్తున్నాం.

చర్మవైద్యుడు (నెల్లూరు)

నేను ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్నాను, ఈ ఇంజెక్షన్లు రోజూ వేస్తాను. కాబట్టి వీటికి వ్యతిరేకిని కాను. సుబ్బు గారి చెల్లెలికి జరిగింది ఎందుకు జరుగుతుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే బొటాక్స్, ఫిల్లర్ రెండూ ఒకటే అనుకుంటున్నారు చాలామంది. వాటి ప్రమాదాలు వేరు.

బొటాక్స్ ఒక బాక్టీరియా విషం నుంచి తీసిన మందు. నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపుతుంది, కండరం వదులవుతుంది, దాంతో పైనున్న ముడత విప్పుకుంటుంది. మొదట ఇది మెల్లకన్నుకు వాడిన మందు. అమెరికాలో కంటి డాక్టర్ అలన్ స్కాట్ దీని మీద పనిచేశారు, 1989లో అక్కడ మెల్లకన్నుకు, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు అనుమతి వచ్చింది. కనుబొమల మధ్య ముడతలకు 2002లో వచ్చింది. వేసిన మూడు నుంచి అయిదు రోజులకు పని మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం కనిపించి, మూడు నాలుగు నెలలకు పోతుంది.

సూది పడినచోట నొప్పి, కమలడం, ఒకటి రెండు రోజులు తలనొప్పి మామూలు. మందు పక్క కండరంలోకి పాకితే కనురెప్ప వాలిపోతుంది, లేదా నవ్వు ఒక పక్కకు లాగుతుంది. చూడటానికి కంగారుగా ఉంటుంది కానీ వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. రెప్పకు కొన్ని చుక్కల మందు కొంత సాయం చేస్తుంది. అసలు భయపడాల్సింది వేరే: మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి ఆడకపోవడం, ఒళ్లంతా నీరసం. గంటల్లో రావొచ్చు, వారాల తర్వాతా రావొచ్చు. ముఖానికి సరైన మోతాదులో వేస్తే ఇవి చాలా అరుదు. నకిలీ మందులో, మోతాదు తెలియని చేతుల్లో మాత్రం అరుదు అని చెప్పలేను. వస్తే పార్లర్‌కి ఫోన్ చేయొద్దు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి, బొటాక్స్ వేయించుకున్నామని చెప్పండి.

ఫిల్లర్ సంగతి వేరు. అది ఒక జెల్. ఎక్కువగా వాడేది హయలురోనిక్ యాసిడ్, మన చర్మంలో సహజంగా ఉండే పదార్థమే. పెదవిలోనో బుగ్గలోనో ఆ చోటును నింపుతుంది. అది పొరపాటున రక్తనాళంలోకి పోతే నాళం మూసుకుపోతుంది. ఆ నాళం మీద ఆధారపడిన చర్మానికి రక్తం అందదు. అప్పుడు నొప్పి, తెల్లబడటం, తర్వాత వల లాంటి ఊదా గీతలు, పొక్కులు, చివరికి చర్మం చచ్చిపోవడం. సుబ్బు గారు రాసిన వరస అదే.

ముఖంలో నాళాలు కంటి నాళాలతో కలిసి ఉంటాయి. ముక్కు, కనుబొమల మధ్య, నుదురు, ముక్కు పక్క గీత, ఈ చోట్ల ప్లంజర్ గట్టిగా నొక్కితే జెల్ వెనక్కి తన్ని కంటి నాళంలోకి చేరొచ్చు. రెటీనాకు రక్తం ఆగితే గంట, గంటన్నరకు మించి తట్టుకోలేదు. చూపు పోతే తిరిగి రావడం చాలా కష్టం. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్ల పైచిలుకు, కారులో మూడు గంటలు పట్టే దారి. చెన్నై తీసుకెళ్దాం అన్న మాట కంటి విషయంలో పనికిరాదు. ఏం చేసినా ఇక్కడే, అప్పుడే చేయాలి.

అందుకే హయలురోనిడేజ్ అనే మందు ఉండాలి. సుబ్బు గారి చెల్లికి వేసింది అదే. ఖరీదైనదేమీ కాదు, కంటి ఆపరేషన్లకు మత్తు సూదిలో కూడా కలుపుతారు. అది క్లినిక్‌లో లేకుండా ఫిల్లర్ సిరంజి తీయకూడదు. ఇది నా గట్టి మాట. అయితే ఆ మందు హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌నే కరిగిస్తుంది. కాల్షియంతో చేసినవి, శాశ్వత ఫిల్లర్లు, సిలికాన్ వీటి మీద పనిచేయదు. "పర్మనెంట్, జీవితాంతం ఉంటుంది" అని ఎవరైనా ఊరిస్తే, తేడా వస్తే అదీ జీవితాంతమే ఉంటుందని అర్థం చేసుకోండి.

ఇంట్లో చూసుకోవడానికి ఒక పద్ధతి. ఫిల్లర్ వేసినచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చర్మం రెండు మూడు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. అవతలి పక్క కూడా నొక్కి పోల్చండి. ఒక పక్క రంగు ఆలస్యంగా వస్తున్నా, నొప్పి తగ్గాల్సిందిపోయి పెరుగుతున్నా, తెల్లవారేదాకా ఆగొద్దు. కమిలిన చోటు ముట్టుకుంటేనే నొప్పి, రక్తం ఆగిన చోటు ఊరకే ఉన్నా సలుపుతుంది. కొన్నిసార్లు నొప్పే ఉండదు, సూదికి ముందు రాసే క్రీములోని మత్తు వల్ల. అందుకే రంగు చూడమంటున్నాను.

దర్శి మాస్టారు

డాక్టర్ గారూ, మా ఆవిడ ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర) వాడుతుంది, గుండెకు స్టెంట్ ఉంది. కళ్ల కింద గుంటలకు వేయించుకోవాలని ఉంది. మందు నాలుగు రోజులు ఆపితే సరిపోతుందా?

చర్మవైద్యుడు (నెల్లూరు)

మాస్టారూ, స్టెంట్ ఉన్నవాళ్లు అందం కోసం ఎకోస్ప్రిన్ ఆపకూడదు. గుండె డాక్టర్ని అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు. మందు వాడుతూనే వేస్తే కమలడం ఎక్కువ ఉంటుంది, అంతకంటే ఏమీ కాదు. ఇక కళ్ల కింద చర్మం పలచన, పైపైన వేస్తే నీలంగా కనబడుతుంది, వాపు నెలల తరబడి ఉండిపోతుంది. ఆ చోటు నేను చాలామందికి వద్దనే చెబుతాను. వయసుతో వచ్చిన గుంట అయితే ఆవిడను ఒకసారి తీసుకురండి, చూసి చెబుతాను.

రేబాల లక్ష్మి

పాలిచ్చే తల్లులు?

చర్మవైద్యుడు (నెల్లూరు)

గర్భిణులకు, పాలిచ్చేవాళ్లకు రెండూ వద్దు. హాని జరిగిందని కాదు, వాళ్లలో పరీక్షించి సురక్షితమని తేల్చినవారు లేరు. మయస్థీనియా గ్రేవిస్ లాంటి కండరాల జబ్బు ఉన్నవాళ్లకు బొటాక్స్ వేయకూడదు. ఈ మధ్య జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయించుకుంటుంటే చెప్పాలి, అవి బొటాక్స్ ప్రభావాన్ని పెంచుతాయి. ఆవుపాలు పడని ఎలర్జీ ఉంటే కూడా చెప్పండి, కొన్ని బ్రాండ్లలో పాల ప్రోటీన్ ఆనవాళ్లు ఉంటాయి. ముఖం మీద మొటిమలు పండి ఉన్నా, పంటికి చీము ఉన్నా ఫిల్లర్ వాయిదా వేయాలి. పళ్ల పనికి ఫిల్లర్‌కి మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉంచమంటాం.

ఆత్మకూరు అరుణ

నేను బొటాక్స్ వేయించుకుంటాను, అందం కోసం కాదు. నెలలో సగం రోజులు మైగ్రేన్. న్యూరాలజిస్ట్ నుదురు, కణతలు, తల వెనుక, మెడ, భుజాల దాకా 31 చోట్ల చిన్న చిన్న సూదులు వేస్తారు, మొత్తం 155 యూనిట్లు. మూడు నెలలకోసారి. మొదటిసారి మెడ పట్టేసినట్టయి తల నిలబెట్టడం కష్టమైంది, అదీ తగ్గింది. ఇప్పుడు పిల్లల హోంవర్క్ చూడగలుగుతున్నాను, లైటు వేసుకుని వంట చేసుకోగలుగుతున్నాను. ఈ థ్రెడ్ చదివి మా అత్తగారు బొటాక్స్ అంటేనే విషం అనుకుంటారేమోనని రాస్తున్నాను. మందు మంచిదే. ఎవరు, ఏది, ఎంత వేస్తున్నారన్నదే ముఖ్యం.

ఒంగోలు బ్యూటీ పార్లర్ ఓనర్

పదేళ్లకు పైగా పార్లర్ నడుపుతున్నాను. మా మీద వస్తున్న ఒత్తిడి కూడా తెలియాలని రాస్తున్నాను. నెలకు ఒకరిద్దరు ఏజెంట్లు వస్తారు. "రెండు రోజుల కోర్సు, సర్టిఫికెట్ ఇస్తాం, కిట్ ఇస్తాం, ఒక్కో కస్టమర్ మీద మీకు ఇంత మిగులుతుంది" అంటారు. పక్క పార్లర్ మొదలెట్టింది, మీ కస్టమర్లు పోతారని భయపెడతారు. కస్టమర్లు కూడా రీల్స్ చూసి మీ దగ్గర ఉందా అని అడుగుతున్నారు.

నేను ఒప్పుకోలేదు. మేం చేసేది చర్మం పైన పని. సూదితో లోపలికి పోయేది డాక్టర్ పని. నా దగ్గరికి వచ్చే ఆడపిల్ల ముఖం మీద నాకు తెలియని పని చేసి ఆ అమ్మాయికి ఏమైనా అయితే ఈ ఊళ్లో తలెత్తుకుని తిరగలేను. ఎవరైనా పార్లర్ వాళ్లు చదువుతుంటే దయచేసి ఆ కిట్లు కొనొద్దు. డాక్టర్‌కి గది అద్దెకిచ్చి కమీషన్ తీసుకునే పద్ధతి కూడా వద్దు, తేడా వస్తే పోలీసులు వచ్చేది మన గుమ్మానికే.

టంగుటూరు రమ్య

మరి తెల్లబడే డ్రిప్పులు? గ్లుటాథియోన్. నా ఫ్రెండు పెళ్లికి ముందు వారానికి రెండు ఎక్కించుకుంది. వ్యాంపైర్ ఫేషియల్ అని రక్తం తీసి ముఖానికి వేసేది కూడా అడుగుతున్నారు.

చర్మవైద్యుడు (నెల్లూరు)

గ్లుటాథియోన్‌ని రంగు కోసం నరానికి ఎక్కించడానికి మన దేశంలో అనుమతి లేదు. ఫిలిప్పీన్స్‌లో ఇది విపరీతంగా పాకితే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ మీద ప్రభావం, ఒళ్లంతా చర్మం పొక్కులెక్కి ఊడిపోయే తీవ్రమైన రియాక్షన్ కూడా ఆ హెచ్చరికలో ఉన్నాయి. వచ్చిన తెలుపు ఆపగానే పోతుంది. మన నెల్లూరు చాయ మంచి చాయ, దాన్ని మార్చడానికి నరంలోకి ఏదీ ఎక్కించుకోవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి పెళ్లికూతురికీ చెబుతాను.

వ్యాంపైర్ ఫేషియల్‌లో వాడేది మన రక్తమే, కాబట్టి ఎలర్జీ తక్కువ. సూదులు, ట్యూబులు కొత్తవి కాకపోతే మాత్రం చాలా ప్రమాదం. అమెరికాలో న్యూమెక్సికోలో లైసెన్స్ లేని ఒక స్పాలో 2018లో ఇది చేయించుకున్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకిందని సీడీసీ 2024లో నివేదిక ఇచ్చింది. మన దగ్గర హెపటైటిస్ బీ, సీ కూడా గుర్తుంచుకోవాలి.

మూలపేట అమ్మాయి (నెల్లూరు)

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఈ థ్రెడ్ మొత్తం చెల్లికి చదివి వినిపించాను. సుబ్బు గారి పోస్టు దగ్గర ఆపమంది, తర్వాత తనే ఫోన్ తీసుకుని రెండోసారి చదువుకుంది.

నిన్న ఇద్దరం పార్లర్‌కి వెళ్లాం. మేడమ్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగాను. "అవన్నీ మీకెందుకు" అన్నారు. సీలున్న డబ్బా మా ముందు తీస్తారా అంటే మేడమ్ ముందే రెడీ చేసుకుని వస్తారన్నారు. హయలురోనిడేజ్ ఉందా అంటే ఆ పేరే వినలేదు. చెల్లి అడ్వాన్స్ తిరిగివ్వమంది. ఇవ్వం, కావాలంటే సూది లేకుండా పెన్‌తో పెదవులకు ఎక్కిస్తాం, దానికి డాక్టర్ కూడా అక్కర్లేదన్నారు. ఈ పెన్ ఏమిటి డాక్టర్ గారూ? అది సేఫ్ అయితే చెల్లి ఇంకా ఆశగానే ఉంది, అబద్ధం చెప్పను.

చర్మవైద్యుడు (నెల్లూరు)

సేఫ్ కాదు. హయలురాన్ పెన్ అంటారు. సూది ఉండదు, గాలి ఒత్తిడితో ఫిల్లర్‌ని చర్మంలోకి చిమ్ముతుంది. ఎంత లోతుకు పోతుందో, ఏ నాళం దగ్గర ఆగుతుందో పట్టుకున్నవాళ్ల చేతిలో ఉండదు. ఇలాంటి వాటిని వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో హెచ్చరించింది. రక్తనాళం మూసుకోవడం, చూపు పోవడం, పక్షవాతం ప్రమాదాలు ఇందులోనూ ఉన్నాయి.

చెల్లికి నా మాటగా చెప్పండి. ఇష్టం తప్పు కాదు. పెళ్లికి నెల కూడా లేనప్పుడు మాత్రం మొదటిసారి ఫిల్లర్ ఎవరి దగ్గరా వద్దు, నా దగ్గరకొచ్చినా వేయను. వాపు దిగి, ఆకారం కుదురుకుని, ఏదైనా సరిచేయాల్సి వస్తే చేయడానికి కనీసం ఆరు వారాలు ఉండాలి. పెళ్లయ్యాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. అప్పుడు కూడా చర్మవైద్యంలో ఎండీ లేదా డీడీవీఎల్ (డాక్టర్లు చర్మవైద్యంలో చదివే డిప్లొమా), లేదా ప్లాస్టిక్ సర్జరీ చదివినవాళ్ల దగ్గరికే. కాస్మెటాలజీ డిప్లొమా అని గోడకు వేలాడే కాగితం డాక్టర్ డిగ్రీ కాదు. పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ తెలిస్తే నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో వెతకొచ్చు, ఉచితం.

లాయర్‌పేట అడ్వకేట్ (ఒంగోలు)

అడ్వాన్స్ సంగతి నేను చెబుతాను. ముందు వాట్సాప్ చాట్, ప్యాకేజీ పోస్టర్, డబ్బు పంపిన యూపీఐ స్క్రీన్‌షాట్ భద్రం చేయండి. వాళ్లు పోస్టర్ తీసేయకముందే చేయండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే చాలాసార్లు అక్కడికే డబ్బు తిరిగి వస్తుంది.

అసలు ఫిర్యాదు వేరే. మన రాష్ట్రంలో ప్రైవేటు క్లినిక్‌లన్నీ 2002 నాటి చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. రిజిస్ట్రేషన్ లేని చోట ఇంజెక్షన్లు వేస్తున్నారని జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి (డీఎంహెచ్‌ఓ) రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. మందు అసలుదో నకిలీదో తేల్చేది డ్రగ్ ఇన్‌స్పెక్టర్, ఆయనకూ ఒక కాపీ.

సుబ్బు గారూ, మీరు ఎక్కడైనా కేసు వేశారా? జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. వైద్య సేవలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మీరు కట్టిన డబ్బు అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా ఉండదు. హోటల్ గది బుకింగ్ ఎవరి పేరు మీద ఉందో కమిషన్ ద్వారా తెప్పించవచ్చు.

పొగతోట ఫార్మసిస్ట్

ఎవరికైనా తేడా చేస్తే 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబర్‌కి కూడా చెప్పండి. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసుకునే జాతీయ కార్యక్రమానిది. పేషెంట్లు నేరుగా చెప్పొచ్చు, డాక్టరే చెప్పాలని లేదు. మన దగ్గర ఇలాంటివి పరువు పోతుందని బయటకు రావు, అందుకే ఎన్ని జరుగుతున్నాయో లెక్క తేలదు.

సింగరాయకొండ సుబ్బు

వేయలేదండీ లాయర్ గారూ. అప్పుడు చెల్లి ముఖం కాపాడుకోవడమే సరిపోయింది. ఇంకా రెండేళ్లు కాలేదు. చెన్నై డిశ్చార్జ్ సమ్మరీ, మొదటి రోజు నుంచి తీసిన ఫొటోలు, ఆ క్యాంపు పోస్టర్ అన్నీ ఉన్నాయి. ఎప్పుడు కలవమంటారు?

లాయర్‌పేట అడ్వకేట్ (ఒంగోలు)

శనివారం సాయంత్రం ఖాళీ. మెసేజ్ పెట్టండి. చెల్లెల్ని కూడా తీసుకురండి, ఫిర్యాదు ఆమె పేరు మీదే ఉండాలి.

మూలపేట అమ్మాయి (నెల్లూరు)

సుబ్బు గారూ, మా పిన్ని రేపు డీఎంహెచ్‌ఓ ఆఫీసుకు వెళ్తోంది. ఇంకో విషయం, పార్లర్ పోస్టర్‌లో ఉన్న ఫోన్ నంబరు, మీ ఒంగోలు క్యాంపు పోస్టర్‌లో ఉన్న నంబరు ఒకటేనేమో ఒకసారి చూస్తారా? మీకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపాను.

సింగరాయకొండ సుబ్బు

చూశాను. ఒకటే. పోస్టర్, ఫొటోలు రెండూ మీకు పంపుతున్నాను, ఫిర్యాదుకు జత చేయండి. చెల్లి సంతకం చేసిన కాగితం కూడా పొద్దున బస్సులో వచ్చే మా బావ చేత పంపిస్తాను. పిన్ని గారిని పదిన్నర దాకా ఆగమనండి.